నియమం మనం రాద్దాం, నంబర్లు రూటర్ పంచుతుంది

నయీంనగర్‌లో అరవై మంది పిల్లలుండే ప్రైవేటు హాస్టల్‌కీ, నక్కలగుట్టలో ఇద్దరు డాక్టర్లు కూర్చునే క్లినిక్‌కీ, కాకతీయ యూనివర్సిటీ క్రాస్ రోడ్డు దగ్గర రెండు ప్రింటర్లతో నడిచే జిరాక్స్ షాపుకీ పైకి ఏ పోలికా కనిపించదు. కానీ మూడు చోట్లా గోడకి బిగించిన రూటర్ డబ్బా ఒకే రకం, దాని మీద వచ్చే ఫిర్యాదూ ఒకటే: వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం వస్తలేదు. వెంటనే కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ వెళ్తుంది. లైను బాగానే ఉందని అతనంటాడు. తప్పించుకోవడానికి అంటున్నాడని మనం అనుకుంటాం. చాలాసార్లు అతను చెప్పేది నిజం. బయటి తీగ చక్కగా ఉంటుంది, లోపల ఏ పరికరానికి ఏ ఐపీ అడ్రస్ అన్న లెక్క గల్లంతై ఉంటుంది. ఆ లెక్క ఎవరి చేతిలో ఉండాలన్నదే ఈ అధ్యాయం విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అడ్రసులు పంచే రోజువారీ పని పూర్తిగా రూటర్‌కి వదిలేయాలి. ఏ నియమం ప్రకారం పంచాలో మాత్రం యజమాని నిర్ణయించి, ఆ నియమాన్ని ఒకే ఒక్క చోట, అంటే రూటర్‌లోనే, రాసిపెట్టుకోవాలి. ఒక్కో పరికరంలో ఒక్కో నంబరు చేత్తో రాసుకుంటూ పోయే అలవాటు మానుకోవాలి. మీకు కంప్యూటర్ పరిజ్ఞానం ఏమీ లేకపోయినా ఈ పని మీ చేతిలోనే ఉంది. ఒక సాయంత్రం చాలు.

అడ్రస్ సంగతి ముందు చూద్దాం. ఇప్పటికీ మన ఇళ్లలో, షాపుల్లో ఎక్కువగా నడిచేది నాలుగు అంకెల గుంపులతో ఉండే పాత పద్ధతి, ఐపీవీ4. ఇందులో మొత్తం అడ్రసులు సుమారు 429 కోట్లు. ప్రపంచానికి అవి చాలలేదు. వీటిని ఖండాల వారీగా కేటాయించే కేంద్ర సంస్థ ఐయానా దగ్గర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15 నాటికి తన చివరి మూటకి చేరింది. ఇంత కరవులోనూ మీ ఇంట్లో పది పరికరాలు నడుస్తున్నాయంటే, 1996లో కొన్ని వరసలను ఎవరైనా తమ గోడల లోపల వాడుకోవచ్చని విడిగా పెట్టడమే కారణం. 192.168తో మొదలయ్యే నంబర్లు అలాంటివే. హనుమకొండలో మీ టీవీకి 192.168.1.20 ఉన్నట్టే కాజీపేటలో ఇంకొకరి ప్రింటర్‌కీ అదే ఉండొచ్చు, గొడవ లేదు. కానీ ఒకే ఇంట్లో రెండింటికి ఒకే నంబరు ఉండకూడదు. మామూలు రూటర్‌లో చివరి గుంపుకి 0 నుంచి 255 దాకా 256 నంబర్లు, అందులో మొదటిదీ చివరిదీ వేరే పనికి పోతాయి. మిగిలేవి 254. రూటర్ తనకొకటి తీసుకుంటుంది. తక్కినవి పంచాలి.

ఈ పంపకం ఒకప్పుడు చేత్తోనే చేసేవారు. 1985లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉన్న జాన్ గిల్మోర్ కలిసి బూట్‌పీ అనే పద్ధతి రాశారు. యంత్రం లేవగానే తన అడ్రస్ ఏమిటని అడిగితే సర్వర్ చెబుతుంది. మంచి ఆలోచనే. అయితే సర్వర్‌కి ఆ సంగతి తెలియాలంటే ఒక మనిషి ముందుగా ప్రతి యంత్రం పేరునా ఒక వరస పట్టికలో రాసిపెట్టాలి. యంత్రాలు గదుల్లోంచి కదలని రోజుల్లో అది సరిపోయింది. ల్యాప్‌టాప్‌లు సంచుల్లో తిరగడం మొదలయ్యాక ఇవాళ వచ్చి రేపు పోయేవాటికి శాశ్వతంగా నంబరు రాసివ్వడం దండగైంది. 1993లో అమెరికాలోని బక్నెల్ విశ్వవిద్యాలయం అధ్యాపకుడు రాల్ఫ్ డ్రోమ్స్ పేరున వచ్చిన డీహెచ్‌సీపీ పత్రం దీనికి లీజు అనే పరిష్కారం చూపింది. అడ్రస్ ఇస్తారు, గడువు పెడతారు. గడువులోగా మళ్లీ అడిగితే పొడిగిస్తారు, అడగకపోతే వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తారు. 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2131గా సవరించిన రూపమే ఈనాటికీ మీ గోడ మీది డబ్బాలో నడుస్తోంది. దాదాపు ముప్పై ఏళ్లు కోట్లాది యంత్రాల్లో నలిగిన పద్ధతి ఇది. దీని బదులు మన జ్ఞాపకశక్తినీ, సెటప్ చేసి వెళ్లిపోయిన టెక్నీషియన్ జ్ఞాపకశక్తినీ నమ్ముకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

లోపల జరిగే సంభాషణ నాలుగు మాటలది. ఫోన్ వైఫైలో చేరగానే దానికి అడ్రస్ ఉండదు, రూటర్ ఎక్కడుందో తెలియదు. అందుకని అందరికీ వినపడేలా అరుస్తుంది: ఇక్కడ అడ్రసులిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా? రూటర్ బదులిస్తుంది: ఉన్నాను, 192.168.1.57 ఖాళీగా ఉంది, కావాలా? ఫోన్ మళ్లీ అందరికీ వినపడేలానే అంటుంది: నాకు ఆ 57 కావాలి, ఫలానా వాళ్లు ఇస్తామన్నారు. రూటర్ ముగిస్తుంది: సరే, నీదే, ఇంత సేపు వాడుకో. దాంతోపాటే బయటికి వెళ్లే దారి అయిన గేట్‌వే అడ్రసూ, పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్ అడ్రసూ చెబుతుంది. మామూలుగా ఇదంతా సెకను లోపే అయిపోతుంది. లీజులో సగం గడిచేసరికి ఫోన్ తనంతట తానే పొడిగింపు అడుగుతుంది. రూటర్ పలకకపోతే అడుగుతూనే ఉంటుంది, గడువులో ఎనిమిదింట ఏడు వంతులు దాటాక ఎవరు పలికినా చాలని మళ్లీ అందరినీ అడుగుతుంది. మూడో మాటను కూడా అందరికీ వినపడేలా చెప్పడంలో ఒక మర్యాద ఉంది చూడండి: ఒకవేళ ఇద్దరు ఇస్తామని ముందుకొస్తే, కాదన్నవాళ్లు తమ నంబరు వెనక్కి పెట్టుకోవాలి కదా.

ఇంత సాఫీగా నడిచేది ఎక్కడ చెడుతుంది? ఎక్కువగా సీసీ కెమెరాల దగ్గర. కెమెరాలు కొన్ని కంపెనీ నుంచే ఒక నంబరు పెట్టుకుని వస్తాయి: హిక్‌విజన్ వాటికి 192.168.1.64, దహువా వాటికి 192.168.1.108. బిగించే కుర్రాడు ఆ నంబరుతోనే కెమెరాను రికార్డర్‌కి కలిపి, ఫోన్‌లో బొమ్మ చూపించి, డబ్బులు తీసుకుని వెళ్తాడు. అతని పని తప్పని కూడా అనలేం, ఆ క్షణాన అంతా బాగానే ఉంది. మీ రూటర్ కంపెనీ అమరిక ప్రకారం 2 నుంచి 254 దాకా పంచుతూ ఉంటుందనుకుందాం. అప్పటికి పది ఫోన్లే ఉన్నాయి కాబట్టి 64 దాకా వంతు రాలేదు. హాస్టల్లో కొత్త బ్యాచ్ దిగుతుంది, లేదా క్లినిక్‌కి వచ్చేవాళ్లు వైఫై వాడటం మొదలెడతారు. ఒక రోజు 64 ఒక ఫోన్‌కి దక్కుతుంది. రూటర్ ఇచ్చే ముందు ఆ నంబరు మీద ఎవరైనా ఉన్నారా అని తట్టి చూడాలనీ, తీసుకున్న పరికరం కూడా ఒకసారి సరిచూసుకోవాలనీ డీహెచ్‌సీపీ పత్రమే చెబుతోంది. కానీ కరెంటు పోయి కెమెరా ఆరిపోయి ఉన్న ఆ రెండు నిమిషాల్లోనే ఫోన్ అడిగిందనుకోండి, తట్టి చూసినా పలికేవాళ్లుండరు. తర్వాత కెమెరా లేస్తుంది, ఎవరినీ అడగకుండా 64లో కూర్చుంటుంది. ఇక అసలు తిప్పలు మొదలు. ఒక నిమిషం ఫోన్ పనిచేస్తుంది, ఒక నిమిషం కెమెరా. ఆ ఫోన్ మనిషి బయటికి వెళ్తే అంతా బాగుపడుతుంది, రాత్రికి తిరిగొస్తే చెడుతుంది. టెక్నీషియన్ పగలొచ్చి చూస్తాడు, ఏ తప్పూ కనిపించదు, కెమెరా మార్చమంటాడు. ఏ నంబరు ఎవరిదన్న నిర్ణయం రెండు చోట్ల ఉండి, ఆ రెండు చోట్లకీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియకపోవడమే ఇక్కడి రోగం. కెమెరా మారిస్తే కుదిరేది కాదు.

దీనికి మందు రూటర్‌లోనే ఉంది. పేరు కంపెనీని బట్టి మారుతుంది: అడ్రస్ రిజర్వేషన్, స్టాటిక్ లీజ్, ఐపీ మ్యాక్ బైండింగ్. పని ఒకటే. ప్రతి పరికరానికీ ఫ్యాక్టరీలో పడిన మ్యాక్ అడ్రస్ ఉంటుంది. ఫలానా మ్యాక్ వచ్చి అడిగితే ఎప్పుడూ ఫలానా నంబరే ఇవ్వమని రూటర్‌కి చెప్పిపెడతాం. పరికరంలో మాత్రం ఆటోమేటిక్ అనే ఉంచుతాం. కెమెరాకి స్థిరమైన అడ్రసూ దొరికింది, ఆ స్థిరత్వం రూటర్‌కి తెలిసే జరిగింది. జిరాక్స్ షాపు ప్రింటర్ కథ కూడా ఇదే. కంప్యూటర్‌లో ప్రింటర్‌ని ఒక నంబరుతో పరిచయం చేసి ఉంటారు. సెలవులకి షాపు మూసి తెరిచేసరికి ప్రింటర్‌కి వేరే నంబరు వస్తుంది, కంప్యూటర్ పాత నంబరుకే కాగితాలు పంపుతూ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది, ఎదురుగా పది మంది హాల్ టికెట్ల కోసం నిలబడి ఉంటారు. రిజర్వేషన్ రాసి ఉంటే ఈ రభస లేదు.

ఇప్పుడు చేసే విధానం. రూటర్‌కి కలిసి ఉన్న విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అనే వరసలో రూటర్ నంబరు కనిపిస్తుంది. ఫోన్లోనైతే వైఫై పేరు మీద నొక్కి వివరాల్లో చూడొచ్చు. సాధారణంగా 192.168.1.1, టీపీ లింక్‌లో చాలావాటికి 192.168.0.1, జియో ఫైబర్‌కి 192.168.29.1. ఆ నంబరును బ్రౌజర్‌లో పైన కొట్టండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లోపలికి వెళ్లగానే మొదటి పని ఆ పాస్‌వర్డ్ మార్చడం, ఎందుకంటే స్టిక్కర్‌ని హాస్టల్లో అందరూ చదవగలరు. తర్వాత ల్యాన్ అనో లోకల్ నెట్‌వర్క్ అనో ఉన్న పేజీలో డీహెచ్‌సీపీ సర్వర్ దొరుకుతుంది. ఎనేబుల్ అయి ఉందో లేదో చూడండి. వరస ఎంత పెద్దదో చెప్పే సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఉన్నదాన్ని కదపొద్దు. కదపాల్సినవి మూడే: ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా పంచాలి, ఎంత గడువుకి ఇవ్వాలి, ఎవరికి ఏది కట్టిపెట్టాలి. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ లాంటి కనెక్షన్లలో కంపెనీ డబ్బాకి ఆపరేటర్ తన పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటాడు. అడిగి తీసుకోండి, లేదా ఆ మూడు మార్పులూ మీ ఎదురుగా కూర్చుని చేయించుకోండి. ల్యాన్ పేజీ వరకే చాలు, ఫైబర్ లైను అమరికలున్న వ్యాన్ పేజీ జోలికి పోవద్దు. అక్కడ ఒక అంకె తప్పినా నిజంగానే ఆపరేటర్‌ని పిలవాల్సి వస్తుంది.

పంపకం వరస దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కంపెనీ పెట్టిచ్చే 2 నుంచి 254 అన్నది అందరికీ సరిపడే అమరిక, అందుకే ఎవరికీ పూర్తిగా సరిపడదు. నా సలహా: 1 రూటర్‌ది. 2 నుంచి 49 దాకా పూల్‌లోంచి, అంటే రూటర్ తనంతట తాను పంచే వరసలోంచి, తీసేయండి. పూల్ 50 నుంచి 249 దాకా పెట్టండి. అంటే వచ్చేపోయేవాటికి 200 నంబర్లు, స్థిరంగా ఉండాల్సినవాటికి 48. రికార్డర్‌కి 10, కెమెరాలకి 11 నుంచి, ప్రింటర్లకి 30 నుంచి, రెండో వైఫై డబ్బాలు ఉంటే 2, 3 అని కట్టిపెట్టుకుంటే ఏదైనా చెడినప్పుడు నంబరు చూసే వస్తువు పోల్చుకోవచ్చు. కొన్ని రూటర్లు పూల్ లోపలి నంబర్లనే రిజర్వ్ చేయనిస్తాయి. అలాంటివాటిలో పూల్‌ని 2 నుంచే ఉంచి రిజర్వేషన్లు రాసుకోండి, ఆ నంబర్లను రూటర్ ఇంకెవరికీ ఇవ్వదు. కంపెనీ నుంచే 64తో వచ్చిన కెమెరాని కూడా వదిలేయకుండా దాని అమరికలోకి వెళ్లి ఆటోమేటిక్‌కి మార్చండి. ఆ కెమెరా రికార్డర్ వెనకాల పోర్టులకే నేరుగా తగిలించి ఉంటే మాత్రం దాని లోకం వేరు, ఆ నంబర్లు మీ రూటర్ దాకా రావు, ముట్టుకోవద్దు.

గడువు సంగతిలో క్లినిక్ లెక్క చూడండి. పూల్‌లో 100 నంబర్లున్నాయి, లీజు 24 గంటలు, రోజుకి 150 మంది వచ్చి వైఫై వాడతారనుకుందాం. ఒక్కొక్కరూ ఉండేది గంట. ఫోన్ బయటికి వెళ్లేటప్పుడు నంబరు తిరిగి ఇచ్చి పోవడం అరుదు, రూటర్ ఆ నంబరును మర్నాటిదాకా వాళ్ల పేరునే పట్టుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నానికి నూరు నిండుతుంది. నూటొకటో మనిషికి వైఫై కలుస్తుంది, అడ్రస్ రాదు. ఆ క్షణాన హాల్లో ఉన్నది ఇరవై మందే అయినా సరే. లీజు రెండు గంటలకి తగ్గిస్తే ఉన్న నూరే ఎక్కువవుతాయి. టీపీ లింక్ రూటర్లు చాలావాటిలో కంపెనీ పెట్టిచ్చేదే 120 నిమిషాలు. ఇల్లు, చిన్న ఆఫీసు అయితే 24 గంటలు హాయిగా ఉంటుంది. హాస్టల్‌కి మధ్యస్థంగా ఎనిమిది గంటలో పన్నెండు గంటలో చాలు, అక్కడ మనుషులు మారరు కాబట్టి. అరవై మంది, తలకి ఫోనూ ల్యాప్‌టాపూ వేసుకున్నా 120, మన 200లో పడుతుంది. అయితే ఒక్క చిన్న రూటర్ వైఫై 120 పరికరాలను మోయలేదు. అది రేడియో బలం సమస్య, అడ్రసుల సమస్య కాదు. దానికి మందు అదనపు యాక్సెస్ పాయింట్లు. ఈ రెండింటినీ కలిపేసుకుని పూల్ పెంచితే ఏమీ ఒరగదు.

పెద్ద సంస్థల్లో ఇదే లెక్క ఎలా పెరుగుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2002లో నిట్ అయిన మన వరంగల్ క్యాంపస్‌లో 1.8కె అని పిల్లలు పిలుచుకునే హాస్టల్ ఉంది. 1800 మందికి కట్టింది కాబట్టి ఆ పేరు. మనిషికి రెండు పరికరాలంటే 3600. 254 ఏ మూలకి? మాస్క్‌ని 255.255.240.0కి మారిస్తే 4094 నంబర్లు వస్తాయి, కాగితం మీద సరిపోతాయి. కానీ ఆ నాలుగు మాటల సంభాషణలో రెండు అందరికీ వినపడేలా అరిచేవని గుర్తుందిగా? వేల యంత్రాలు ఒకే హాల్లో అరిస్తే పని జరగదు. అందుకని అంత పెద్ద భవనాలకి అంతస్తుల వారీగా వేరువేరు వరసలు పెట్టి, ఒక్కో వరస అరుపును మధ్యలో ఒక యంత్రం అందుకుని కేంద్ర సర్వర్‌కి మోసుకెళ్లేలా రిలే పెట్టుకోవడం ఇంజినీర్ల పద్ధతి. అంత పెద్ద స్థాయిలోనూ పంచే నియమం ఒక్క చోటే ఉంటుందన్నది మనం గమనించాల్సిన సంగతి.

ఆ ఒక్కచోటు అన్న మాట మీదే ఇంకో పెద్ద ప్రమాదం చెప్పాలి. మేడ మీదికి వైఫై అందట్లేదని పాత రూటర్‌ని తీసి, కింది రూటర్ నుంచి తీగ లాగి, దొరికిన రంధ్రంలో గుచ్చేస్తాం. పసుపో నీలమో, ఏదైతేనేం. అది ల్యాన్ పోర్టు అయితే ఇంట్లో ఇద్దరు పంచేవాళ్లు తయారైనట్టు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద పుట్టిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు: తూము తీసి పారకం పంచడానికి ఊరంతటికీ నీరటి ఒకడుండేవాడు, ఇద్దరు నీరట్లు చెరో లెక్కతో తూము తీస్తే ఏ మడికి ఎంత పారిందో ఎవరూ చెప్పలేరు. ఇక్కడా అంతే. ఫోన్ అరుస్తుంది, ఎవరు ముందు పలికితే వాళ్లది తీసుకుంటుంది. పాత డబ్బా పలికితే దానికి బయటికి దారి లేదు, తానే గేట్‌వే అని చెప్పి ఫోన్‌ని గోడకి నడిపిస్తుంది. ఒకే గదిలో ఒకరికి నెట్ వచ్చి పక్కవాళ్లకి రాకపోవడం, ఫోన్ ఆపి ఆన్ చేస్తే రావడం, ఈ రెండూ కనిపిస్తే ముందు దీన్ని అనుమానించండి. నెట్ రాని ఫోన్లో గేట్‌వే నంబరు చూడండి. మీ రూటర్‌ది కాకపోతే దొంగ దొరికినట్టే. మందు తేలిక: పాత రూటర్‌ని ఒంటరిగా కంప్యూటర్‌కి కలిపి, దాని అడ్రస్‌ని 192.168.1.2కి మార్చి, దాని డీహెచ్‌సీపీని డిసేబుల్ చేసి, అప్పుడు ల్యాన్ నుంచి ల్యాన్‌కి తీగ వేయండి. దాంట్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అనే మీట ఉంటే ఇవన్నీ అదే చేసుకుంటుంది. హాస్టల్లో పిల్లలు తమ గదికి రూటర్ తెచ్చుకుంటామంటే వద్దనడం కన్నా, తీగని వ్యాన్ పోర్టులోనే పెట్టమని చెప్పడం ఫలితమిస్తుంది. అప్పుడు వాళ్ల గది పంపకం వాళ్ల గదికే పరిమితం.

ఇంతకాలం చేత్తో నంబర్లు రాసిన టెక్నీషియన్లు ఊరికే రాయలేదు, వాళ్లకీ వాదనలున్నాయి. స్టాటిక్ పెడితే వేగం ఎక్కువ అనేది మొదటిది. అడ్రస్ అందేదాకా ఉన్న ఆ సెకను తేడా తప్ప, అందాక ప్యాకెట్లకి అది చేత్తో రాసిందో రూటర్ ఇచ్చిందో తెలియదు. వీడియో ఆగిపోవడానికి కారణం వేరే ఎక్కడో ఉంది. రెండోది భద్రత: డీహెచ్‌సీపీ ఆపేస్తే పరాయివాళ్లు చేరలేరు కదా అని. వైఫై పాస్‌వర్డ్ తెలిసినవాడు 192.168.1.200 అని చేత్తో కొట్టుకుని లోపలికి రావడానికి అర నిమిషం పట్టదు. తాళం ఉండాల్సింది పాస్‌వర్డ్ దగ్గర, డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3తో. పైగా డీహెచ్‌సీపీ నడిపితేనే రూటర్‌లో క్లయింట్ లిస్ట్ అని ఒక పట్టిక ఉంటుంది, ఎవరెవరు ఏ నంబరు తీసుకున్నారో కనిపిస్తుంది. ఆపేసినవాడికి ఆ కన్ను కూడా పోయింది.

మూడో వాదనకి బరువుంది: అన్నీ రూటర్ మీద పెడితే రూటర్ పోయిన రోజు అన్నీ పోతాయి. నిజమే. రూటర్ పోతే బయటి నెట్ ఎలాగూ లేదు, కానీ లోపల కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కి కాగితం పోవాలి కదా అని షాపువాళ్లు అడుగుతారు. రెండూ వేరే స్విచ్‌కి కలిసి ఉంటే, చేతిలో ఉన్న లీజు గడువు తీరేదాకా పోతుంది. 24 గంటల లీజు అయితే ఒక పూట గట్టెక్కవచ్చు. ఎడతెగకుండా నడవాల్సిన యంత్రం ఒకటి ఉంటే, ఉదాహరణకి క్లినిక్‌లో రోగుల రికార్డులున్న సర్వర్, దానికి చేత్తో నంబరు రాయడం తప్పు కాదు, పూల్ బయటి నంబరైతే. అదే నంబరును రూటర్‌లో రిజర్వేషన్‌గానూ రాసి ఉంచండి, రేపెవరైనా దాన్ని ఆటోమేటిక్‌కి మార్చినా అదే వస్తుంది. నా వాదనకి ఇంతమాత్రం మినహాయింపు ఒప్పుకుంటాను, ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

వరంగల్ వేసవిలో గాలిదుమారం లేచి కరెంటు పోయి వచ్చినప్పుడు కనిపించే ఒక వింత ఉంది. ప్రింటర్ పది పదిహేను సెకన్లలో లేస్తుంది, ఫైబర్ డబ్బాకి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ప్రింటర్ అరుస్తుంది, పలికేవాళ్లు లేరు. అప్పుడు అది తనకి తానే 169.254తో మొదలయ్యే నంబరు పెట్టుకుంటుంది. అలా పెట్టుకోవచ్చని నిబంధనే ఉంది. విండోస్ అయితే తర్వాత కూడా మళ్లీ మళ్లీ అడుగుతుంది, కొన్ని పాత ప్రింటర్లు ఆ నంబరుతోనే మొండిగా కూర్చుంటాయి. కాబట్టి ఎక్కడైనా 169.254 కనిపిస్తే అర్థం ఒక్కటే: ఈ పరికరం అడిగింది, ఎవరూ ఇవ్వలేదు. రూటర్ పూర్తిగా లేచాక ప్రింటర్‌ని ఒకసారి ఆపి వేయండి. రూటర్‌కీ ఫైబర్ డబ్బాకీ చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఆ మాత్రం శ్రమా తప్పుతుంది. ఈ మొత్తం అధ్యాయంలో డబ్బు ఖర్చయ్యే సలహా యాక్సెస్ పాయింట్ల తర్వాత ఇదొక్కటే.

ఒక అపోహ కూడా తొలగించాలి. దుకాణం కెమెరాలు ఇంటి నుంచి ఫోన్లో చూడాలంటే స్టాటిక్ ఐపీ కావాలని ఎవరో చెబుతారు, యజమాని రిజర్వేషన్ రాసుకుంటాడు, బయటి నుంచి కనిపించదు, రిజర్వేషన్ పద్ధతే దండగంటాడు. ఆ చెప్పినవాళ్ల ఉద్దేశం ఇంటర్నెట్ కంపెనీ డబ్బు తీసుకుని ఇచ్చే బయటి అడ్రస్. మనం రాసేవి గోడల లోపలివి. అడ్రసుల కరవు వల్ల చాలా కంపెనీలు ఇప్పుడు వేల ఇళ్లని ఒక్క బయటి నంబరు వెనకాల ఉంచుతున్నాయి. మీ రూటర్ వ్యాన్ పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య నంబరు కనిపిస్తే మీరూ అలాగే ఉన్నారు. రికార్డర్ కంపెనీ క్లౌడ్ యాప్ ద్వారా చూడటమే అప్పుడు తేలిక దారి. ఆ యాప్ బాగా నడవాలన్నా లోపల రికార్డర్‌కి నంబరు తగాదా లేకుండా ఉండాలి. అలాగే ఫోన్లకి రిజర్వేషన్ రాయాలని ప్రయత్నించకండి. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు అసలు మ్యాక్ దాచి ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ చూపిస్తున్నాయి. అది వాళ్ల గోప్యత కోసం, మంచిదే. ఫోన్‌కి స్థిరమైన నంబరుతో పనీ లేదు.

మిగిలింది కాగితం పని. రిజర్వేషన్లు రాయడం అయ్యాక రూటర్‌లో బ్యాకప్ అనే మీట నొక్కితే అమరికలన్నీ ఒక ఫైలుగా దిగుతాయి, దాన్ని ఈమెయిల్‌లో మీకు మీరే పంపుకోండి. కాకపోతే ఆ ఫైలు అదే మోడల్‌కి పనికొస్తుంది, ఆపరేటర్ రేపు వేరే కంపెనీ డబ్బా తెచ్చి పెడితే పనికిరాదు. అందుకని ఒక తెల్లకాగితం మీద పరికరం పేరు, మ్యాక్, కట్టిపెట్టిన నంబరు రాసి ఫొటో తీసి ఉంచండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితం మీద వద్దు. కొత్త డబ్బా వచ్చిన రోజు ముందు దాని ల్యాన్ వరస పాతదానిలాగే 192.168.1 అని ఉందో లేదో చూడండి. 29 అనో 0 అనో ఉంటే ల్యాన్ పేజీలో 192.168.1.1కి మార్చండి. వైఫై పేరూ పాస్‌వర్డూ పాతవే పెట్టండి. కాగితం చూసి రిజర్వేషన్లు ఎక్కించండి. ఆ తర్వాతే కెమెరాల, ప్రింటర్ల తీగలు కలపండి, ముందుగా కలిపితే అవి పూల్ నంబర్లు పట్టుకుని లీజు తీరేదాకో ఆపి వేసేదాకో వదలవు.